నోటీసు బోర్డు మీద కనీస వేతనం చార్టు అంటిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాక బెంగళూరు ఆఫీసుల్లో ఒకటే చర్చ. చేతికొచ్చే జీతం తగ్గుతుందా, గ్రాట్యుటీ పెరుగుతుందా అని. వాట్సాప్‌లో తిరిగిన లెక్కలన్నీ వాటి చుట్టూనే. ఆ నాలుగింట్లో ఒకటైన వేతన కోడ్‌లో ఆడ మగ సమాన వేతనం గురించి సెక్షన్ 3, జీతాల రేట్లు నోటీసు బోర్డు మీద పెట్టడం గురించి సెక్షన్ 50 అని రెండున్నాయి. వాటి జోలికి పోయినవాళ్ళు తక్కువ. ఈ ఊళ్ళో జీతాల లెక్కలు కట్టే పనిలోనూ, కార్మిక చట్టాల కాగితాలు సర్దే పనిలోనూ ఉన్నవాళ్ళం కాబట్టి ఆ రెంటి గురించి, అందులోనూ రెండోదాని గురించి రాస్తున్నాం.

సెక్షన్ 3లో ఉన్నది కొత్త సంగతేమీ కాదు. ఒకే యజమాని దగ్గర ఒకే పని, లేదా అదే తరహా పని చేసేవాళ్ళకి ఆడ మగ అని జీతంలో తేడా చూపకూడదు. 1976 నాటి సమాన వేతన చట్టం ఇదే చెప్పింది. రాజ్యాంగం 39(డి) అధికరణ అంతకుముందే చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడికకి మన దేశం 1958లోనే ఒప్పుకుంది. కాబట్టి లోటు చట్టానిది కాదు. పక్క సీటు మనిషికి ఎంత వస్తోందో తెలియదు, అదీ లోటు. తేడా ఉందని తెలిస్తే కదా ఫిర్యాదు చేసేది! పెళ్ళిచూపుల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు ప్యాకేజీ ఎంతో చెప్పేస్తాం, అయిదేళ్ళుగా పక్కన కూర్చుని పనిచేస్తున్న మనిషి దగ్గర మాత్రం నోరు మెదపం. 'జీతం వివరాలు గోప్యంగా ఉంచాలి' అనే వాక్యం ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, అదొక సాకు.

ముందు 'అదే తరహా పని' అంటే ఏమిటో చూడాలి. కోడ్ ప్రకారం నాలుగు కొలతలు: నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత. 1976 చట్టంలోనూ దాదాపు ఇవే ఉన్నాయి. పని జరిగే పరిస్థితులు ఒకేలా ఉండి, ఈ నాలుగింటిలో ఉన్న చిన్నాచితకా తేడాకి ఉద్యోగ షరతుల దృష్ట్యా ఆచరణలో ప్రాముఖ్యం లేకపోతే అది ఒకే తరహా పని కిందే లెక్క. హోదా పేరు ఇందులో ఎక్కడా లేదు. ఎగవేతంతా ఆ పేరు దగ్గరే మొదలవుతుంది. ప్యాకింగ్ బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి ఒకే డబ్బాలు నింపే ఇద్దరిలో మగవాడు 'ప్యాకింగ్ అసిస్టెంట్', ఆమె 'హెల్పర్'. ఆఫీసులో ఒకే తరహా టికెట్లు (కస్టమర్ల ఫిర్యాదులు) మూసే ఇద్దరిలో అతను 'అనలిస్ట్', ఆమె 'అసోసియేట్'. రిజిస్టర్లో రెండు పేర్లు, రెండు రేట్లు. ఇన్‌స్పెక్టర్ వచ్చినా కాగితం మీద తప్పు కనపడదు.

ఈ ఎత్తు పాతదే, దానికి జవాబూ పాతదే. మెకినన్ మెకెంజీ కంపెనీ మీద ఆడ్రీ డికోస్టా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1987లో తీర్పిచ్చింది. అక్కడ పెద్ద అధికారుల దగ్గర పనిచేసే ఆడ స్టెనోగ్రాఫర్లకి వేరే పేరు, వేరే జీతం. యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం, అంత ఇచ్చే స్తోమత లేదు, అని కంపెనీ వాదించింది. రెండు వాదనలూ నిలవలేదు. పనిని స్థూలంగా చూడాలి గానీ, వెతికి వెతికి చిన్న తేడా పట్టుకుని వేరు చేయకూడదని కోర్టు చెప్పింది. ఇవాళ హెచ్ఆర్ వాళ్ళు 'ఆమెది వేరే బ్యాండ్' అన్నప్పుడు గుర్తు చేయాల్సింది ఈ తీర్పునే.

ఇక జీతం అంటే ఏది? పోల్చేటప్పుడు చాలామంది సీటీసీకి (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చుకి) సీటీసీ పెట్టి చూస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది. సీటీసీలో యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, చేతికొస్తుందో రాదో తెలియని వేరియబుల్, అన్నీ కలిసి ఉంటాయి. వేతన కోడ్ నిర్వచనంలో కొన్ని భాగాలు వేతనం కావని పట్టిక ఉంది. ఇంటి అద్దె అలవెన్సు, ప్రయాణ అలవెన్సు, ఓవర్‌టైమ్ ఆ పట్టికలోవే. కానీ ఆడ మగ సమాన వేతనం తేల్చేటప్పుడు మాత్రం ఈ మూడింటినీ, కార్మిక వివాదంలో తీర్పు (అవార్డు) లేదా ఒప్పందం (సెటిల్‌మెంట్) కింద వచ్చే సొమ్మునూ తిరిగి వేతనంలో కలపాలని ఒక మినహాయింపు వాక్యం విడిగా రాశారు. దీన్ని చదవకుండానే 'బేసిక్ ఇద్దరికీ ఒకటే కదా' అని వాదించే మేనేజర్లు ఉన్నారు.

తేడా బేసిక్‌లో దాదాపుగా ఉండదు. బేసిక్, అద్దె అలవెన్సు గ్రేడును బట్టి ఫార్ములాతో వస్తాయి. బేరమంతా 'స్పెషల్ అలవెన్సు' గడిలో కూర్చుంటుంది. ఒక ఉదాహరణ. అతనికి నెలకి బేసిక్ 40,000, అద్దె అలవెన్సు 16,000, స్పెషల్ అలవెన్సు 14,000, మొత్తం 70,000. ఆమెకి మొదటి రెండూ అంతే, స్పెషల్ అలవెన్సు 6,000, మొత్తం 62,000. ఇద్దరిదీ ఒకే గ్రేడు, ఒకే బేసిక్. నెలకి తేడా 8,000, ఏడాదికి 96,000, మూడేళ్ళకి 2,88,000. స్పెషల్ అలవెన్సు మినహాయింపుల పట్టికలో లేదు కాబట్టి అది వేతనమే. ఉద్యోగంలో అయ్యే ప్రత్యేక ఖర్చుల కింద ఇచ్చే సొమ్ము మాత్రం పట్టికలో ఉంది. అందుకని కొన్నిచోట్ల స్పెషల్ అలవెన్సునే ఖర్చుల తిరుగు చెల్లింపుగా పేరు మార్చి చూపుతారు. బిల్లు పెట్టకుండా ప్రతి నెలా ఒకే అంకె పడుతుంటే అది ఖర్చుల కింద ఇచ్చింది కాదని అర్థం.

కమీషన్ సంగతి వేరు. అది మినహాయింపుల పట్టికలో ఉంది, సమాన వేతనం కోసం తిరిగి కలిపే వాటిలో లేదు. ఇళ్ళ అమ్మకాల్లో, ఇన్సూరెన్స్‌లో సంపాదన చాలావరకు కమీషనే. మంచి ప్రాంతం, పెద్ద కస్టమర్లు ఎవరికి అప్పగించారన్నదే అక్కడ అసలు తేడా. చట్టం దాన్ని నేరుగా పట్టుకోలేదు. ఇది కోడ్‌లో ఉన్న బొక్క అని ఒప్పుకోవాలి.

ఇంకొక బొక్క 'ఒకే యజమాని' అన్న మాట. అతను కంపెనీ రోల్స్‌లో, ఆమె ఏజెన్సీ రోల్స్‌లో ఉంటే పని ఒకటైనా యజమానులు ఇద్దరు. థర్డ్ పార్టీ పేరోల్ మీద జనాన్ని పెట్టుకునే ఈ ఊళ్ళో దీని బరువు తక్కువేం కాదు.

కట్టుబడి పనుల్లో సంగతి మరీ పచ్చిగా ఉంటుంది. పాలమూరు నుంచి, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళకి ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ముందే ఖాయం. మేస్త్రి గోడ కట్టే పనికీ, ఇటుకలు అందించే పనికీ నైపుణ్యంలో తేడా ఉంది, రేటులో తేడా ఉండొచ్చు. కానీ లారీ నుంచి ఇటుకలు దించే పనికి ఆడకూలి ఎందుకు తక్కువ? కాంట్రాక్టరు కూడా చట్టం దృష్టిలో యజమానే. 'ఇద్దరికీ కలిపి ఇంత' అని మొగుడి చేతిలో పెట్టేస్తే పెళ్ళాం రేటు ఎంతో లెక్కలోకే రాదు. ఆమెకి విడిగా వేతన చీటీ ఇవ్వాలి, సెక్షన్ 50లోనే ఉంది.

ఆఫీసు ఉద్యోగాలకి మళ్ళీ వస్తే, తేడా పుట్టేది ఎక్కువగా ఉద్యోగంలో చేరే రోజే. 'కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత' అనే ప్రశ్నతో. పాత జీతం మీద 30 శాతం హైక్ అని పద్ధతి పెట్టుకున్నారనుకోండి. మొదటి ఉద్యోగంలో ఆమెకి 4 లక్షలు, అతనికి 4.8 లక్షలు. తేడా 80 వేలు. ఒక మార్పు తర్వాత ఆమె 5.2, అతను 6.24. రెండో మార్పు తర్వాత 6.76, 8.11. మూడోదాని తర్వాత 8.79, 10.55. ఇద్దరికీ సరిగ్గా ఒకే శాతం ఇచ్చారు, ఎవరూ పక్షపాతం చూపలేదు, అయినా తేడా 80 వేల నుంచి లక్షా 75 వేలు దాటింది. నాలుగో కంపెనీకి తాను మోస్తున్నది మొదటి కంపెనీ తప్పు అని కూడా తెలియదు. పాత జీతం అడగకూడదని మన దగ్గర చట్టం లేదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశంలో ఉంది. ఇంటర్వ్యూకి ముందే జీతం శ్రేణి చెప్పాలని, పాత జీతం అడగరాదని, జీతం చెప్పుకోవద్దనే షరతులు చెల్లవని అందులో రాశారు. ఏ వర్గంలోనైనా తేడా 5 శాతం గానీ అంతకుమించి గానీ ఉండి, దానికి సరైన కారణం చూపలేక, సరిదిద్దనూ లేకపోతే ఉద్యోగుల ప్రతినిధులతో కలిసి మదింపు చేయాలి. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి గడువు 2026 జూన్ 7. అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న యూరప్ కంపెనీల సెంటర్లు అక్కడి ఉద్యోగులకి ఈ లెక్కలు కడుతున్న సాఫ్ట్‌వేర్‌తోనే ఇక్కడి జీతాలూ వేస్తుంటే, ఇక్కడి లెక్క చేయడం కుదరదనే మాట నమ్మేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి, సెక్షన్ 50. ప్రతి యజమానీ అందరికీ కనపడేచోట నోటీసు బోర్డు మీద కొన్ని వివరాలు పెట్టాలి: కోడ్ సారాంశం, ఉద్యోగుల వర్గాలవారీ వేతన రేట్లు, వేతన కాలం, జీతం ఇచ్చే తేదీ, సమయం, ఆ ప్రాంతపు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ (తనిఖీ చేసే కార్మిక శాఖ అధికారి) పేరు, చిరునామా. 'వర్గాలవారీ వేతన రేట్లు' అన్న ఆ మూడు మాటలే మన దేశంలో జీతాల పారదర్శకతకి ఉన్న ఆధారం. ఆచరణలో ఏం జరుగుతోంది? ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాల చార్టు, అన్‌స్కిల్డ్ నుంచి హైలీ స్కిల్డ్ దాకా, ప్రింటు తీసి క్యాంటీన్ దారిలో అంటిస్తే పని అయిపోయిందనుకుంటారు. నెలకి లక్షన్నర తీసుకునే ఇంజనీరుకి ఆ చార్టులో తెలిసేదేమిటి? చట్టం అడిగింది ఆ సంస్థ తన ఉద్యోగులకి ఇస్తున్న రేట్లు. కనీస వేతనం ఎంతో ప్రభుత్వ గెజిట్ చూసినా తెలుస్తుంది, దానికి నోటీసు బోర్డు దేనికి?

ఇక్కడ ఒక పాత కాగితాన్ని తలుచుకోవాలి. 1976 సమాన వేతన నియమాల కింద ఫారం డి అని ఒక రిజిస్టరు ఉండేది. పని వర్గం, పని వివరం, అందులో మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, ఇచ్చే రేటు, ఆ రేటులో బేసిక్, డీఏ, అద్దె, ఇతర అలవెన్సులు ఎంతెంత, అన్నీ ఒకే వరసలో. ఒక్క పేజీ చూస్తే తేడా కళ్ళకి కట్టేది. నిజాయితీగా నింపినవాళ్ళు ఎందరన్నది వేరే సంగతి. 2017లో రకరకాల రిజిస్టర్లని కలిపి అయిదింటికి కుదించినప్పుడు ఉద్యోగుల వివరాలు ఒకదాంట్లోకి, జీతాలు ఇంకోదాంట్లోకి పోయాయి. ఫారం డి అనే పేరు హాజరు రిజిస్టరుకి దక్కింది. భారం తగ్గింది, మంచిదే. కానీ ఆడ మగ పక్కపక్కన కనపడే వరస పోయింది. సమాచారం పోలేదు సుమా. ఒక షీట్‌లో లింగం, గ్రేడు ఉన్నాయి, ఇంకో షీట్‌లో జీతం ఉంది. ఉద్యోగి నంబరుతో రెంటినీ కలిపితే ఎక్సెల్‌లో పది నిమిషాల పని.

కర్ణాటక కార్మిక శాఖని మేం అడిగేది ఇదే. సెక్షన్ 50లోని 'వర్గాలవారీ వేతన రేట్లు' అంటే సంస్థ నిజంగా ఇస్తున్న రేట్లేనని ఒక సర్క్యులర్‌తో తేల్చి చెప్పాలి. ప్రతి గ్రేడుకీ కనిష్ఠం, మధ్యస్థం (జీతాలని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది), గరిష్ఠం, అందులో ఆడవాళ్ళు ఎందరు, మగవాళ్ళు ఎందరు అనే అయిదు అంకెలు చాలు. అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న గ్రేడుని పక్క గ్రేడులో కలిపితే ఎవరి జీతం ఎంతో బయటపడదు. ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళ కోసం అదే పేజీని కంపెనీ అంతర్గత పోర్టల్‌లోనూ ఉంచాలి. 'మార్కెట్ రహస్యం బయటపడుతుంది' అని కంపెనీలు అంటాయి. లిస్టెడ్ కంపెనీల్లో పెద్దవి వెయ్యి, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో 2022-23 నుంచి ఆడవాళ్ళ మధ్యస్థ జీతం, మగవాళ్ళ మధ్యస్థ జీతం విడివిడిగా ఇస్తూనే ఉన్నాయి. కంపెనీల చట్టం కింద జీతంలో మొదటి పదిమంది పేర్లు, అంకెలతో సహా, అడిగిన వాటాదారుకి ఇవ్వాలి. పైవాళ్ళ జీతం చెప్తే మునగని కొంప ప్యాకింగ్ సెక్షన్ రేటు చెప్తే మునుగుతుందా?

స్వయంగా సరిచూసుకోవాలనుకునే యజమానులు చేసే పొరపాట్లు కూడా చెప్పాలి. మొదటిది, సంస్థ మొత్తానికి ఒకే సగటు తీయడం. కింది గ్రేడు జీతం 40 వేలు, పై గ్రేడు లక్షా 20 వేలు అనుకుందాం. కింద 80 మంది ఆడవాళ్ళు, 40 మంది మగవాళ్ళు. పైన 20 మంది ఆడవాళ్ళు, 60 మంది మగవాళ్ళు. ప్రతి గ్రేడులో అందరికీ పైసా తేడా లేదు. అయినా ఆడవాళ్ళ సగటు 56 వేలు, మగవాళ్ళది 88 వేలు. ఇక్కడ సమాన పనికి సమాన వేతనం తప్పలేదు, తప్పింది ప్రమోషన్ల దగ్గర. 1987లో పాత చట్టాన్ని సవరించి ప్రమోషన్, శిక్షణ, బదిలీ అనే మాటలు స్పష్టంగా చేర్చారు. కొత్త కోడ్‌లో ఆ మాటలు లేవు, 'ఉద్యోగ షరతులు' అని మాత్రం ఉంది. ప్రమోషన్ అందులోకి వస్తుందనే వాదించాలి, కానీ వాదించాల్సిన అవసరం తెచ్చిపెట్టారు. రెండో పొరపాటు, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ళని లెక్కలోంచి తీసేయడం. 26 వారాలు లేరని సగటు రేటింగ్ ఇచ్చి ఆ ఏడాది హైక్ కోస్తే, ఆ కోత తర్వాతి ప్రతి హైక్‌లోనూ తిరిగి పడుతుంది. లెక్కలోంచి తీసేస్తే కనపడదు, అంతే. మూడోది, చేరేటప్పుడు ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్‌ని నెల జీతంలో కలపడం. సరైన పద్ధతి ఏప్రిల్ 1 లాంటి ఒక తేదీ పెట్టుకుని, పని స్వభావాన్ని బట్టి గుంపులు కట్టి, పూర్తికాలం నెల జీతానికి మార్చి, గుంపులో మధ్యస్థాలు పోల్చడం. తేడా కనపడినచోట కారణం రాయాలి. రాత్రి షిఫ్టు అలవెన్సు, కొలవగలిగిన అనుభవం కారణాలే. 'బాగా బేరమాడాడు' అన్నది మా దృష్టిలో కారణం కాదు. సరిదిద్దేటప్పుడు తక్కువవాళ్ళకి పెంచాలి. ఎక్కువవాళ్ళకి తగ్గించి సమానం చేయడం సెక్షన్ 3లోనే నిషేధం.

ఉద్యోగుల వైపు నుంచి. మీ జీతం మీ సమాచారం, అది చెప్పుకోవడాన్ని నేరం చేసే చట్టం మన దేశంలో లేదు. ఆఫర్ లెటర్‌లోని గోప్యత వాక్యం ఒప్పందంలో భాగమే గానీ, చట్టం ఇచ్చిన హక్కును దెబ్బతీసే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ముందు నిలవదని వాదించవచ్చు. బ్రిటన్‌లో అయితే 2010 సమానత్వ చట్టంలోనే, సమాన వేతనం సంగతి తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే ఇలాంటి వాక్యం అమలు కాదని రాశారు. మన కోడ్‌లో ఆ ముక్క లేదు, కాబట్టి ఉద్యోగం ఊడదనే హామీ మేం ఇవ్వలేం. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా. పేరోల్‌లో పనిచేసేవాళ్ళు సిస్టమ్‌లోంచి అందరి జీతాల షీట్ దించుకుని బయటికి ఇవ్వకూడదు. అది మీ సమాచారం కాదు, కేసు మీ మీదికే తిరుగుతుంది. సహోద్యోగి తనంతట తాను చూపిన పే స్లిప్ వేరు.

ఫిర్యాదుకి కావాల్సినవి: మీ పే స్లిప్‌లు, ఆఫర్ లెటర్, ప్రతి ఏటి ఇంక్రిమెంటు లెటర్లు, ఫారం 16, పని ఏమిటో చూపే ఏ కాగితమైనా, అంటే లక్ష్యాల షీట్, షిఫ్టు రోస్టరు, ఒకే పని ఇద్దరికీ అప్పగించిన మెయిల్. చివరిదే అన్నిటికంటే పనికొస్తుంది, అందరూ మరిచేదీ అదే. ముందు హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా అడగండి: నా గ్రేడులో వేతన రేటు ఎంత, సెక్షన్ 50 నోటీసు ఎక్కడ ఉంది. జవాబు రాకపోయినా ఆ మెయిల్ తేదీ పనికొస్తుంది. ఇద్దరి పని ఒకటేనా కాదా అన్న వివాదాన్ని సెక్షన్ 4 కింద ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి తేలుస్తాడు. బకాయి సొమ్ము కోసం సెక్షన్ 45 కింద క్లెయిము వేయాలి. ఉద్యోగి, ఆమె సభ్యురాలైన రిజిస్టర్డ్ యూనియన్, ఇన్‌స్పెక్టర్, వీళ్ళలో ఎవరైనా వేయవచ్చు. గడువు మూడేళ్ళు. బకాయికి పదిరెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది, అది గరిష్ఠం మాత్రమే, ఆశ పెట్టుకునేది కాదు. బకాయి చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత సెక్షన్ 59 ప్రకారం యజమానిది. తక్కువ చెల్లించినందుకు జరిమానా, మొదటి తప్పుకి, 50 వేల వరకు. మిగతా ఉల్లంఘనలకి, నోటీసు పెట్టకపోవడం లాంటివాటికి, 20 వేల వరకు. పెద్ద కంపెనీకి 20 వేలంటే ఒక పూట క్యాంటీన్ ఖర్చు కూడా కాదు, అందుకే బకాయి క్లెయిము వైపు నుంచే నరుక్కురావాలి.

ఎక్కడ వేయాలన్న దగ్గర చాలామంది తడబడతారు. ఐటీ, గార్మెంట్స్, ప్రైవేటు ఆసుపత్రి, స్కూలు, కట్టుబడి పనులకి రాష్ట్ర ప్రభుత్వం కింద, అంటే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన కింద పనిచేసే అధికారులు. టెలికాం, బ్యాంకు, విమానయానం, రైల్వేలకి కేంద్ర కార్మిక శాఖ అధికారులు. తప్పు ఆఫీసులో ఇస్తే నెలల తరబడి తిరిగి చివరికి వెనక్కి వస్తుంది. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్ళి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి.

ఇట్లు,
జీతాల లెక్కలు, కార్మిక చట్టాల పనులు చూసే కొందరు తెలుగువారు,
బెంగళూరు